తెల్ల బొచ్చు తోలును మౌంటింగ్‌కు సిద్ధం చేయడం ఎలా?

తెల్ల కుందేలో, తెల్ల మేకో చేతికి రాగానే టాక్సిడెర్మీ (చచ్చిన జంతువు తోలును ఆకారం మీద తొడిగి, అంటే మౌంట్ చేసి, బతికున్నట్టు నిలబెట్టే పని) కొత్తగా నేర్చుకునేవాళ్ళు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "బొచ్చు పసుపు తిరిగింది, ఏ బ్లీచ్ వేయాలి, ఎంత వేయాలి?" జవాబు చాలామందికి నచ్చదు. తెల్లదనం ఎక్కువగా బ్లీచ్ డబ్బాలోంచి రాదు. నెత్తురు, కొవ్వు సరిగ్గా వదిలిన తోలు చాలావరకు దానంతట అదే తెల్లబడుతుంది. అవి వదలని తోలుకి ఎంత బ్లీచ్ పూసినా, లోపల మిగిలిన కొవ్వు గాలికి ముదిరి కొన్నాళ్ళకు మళ్ళీ పసుపు పైకి తెస్తుంది. అందుకే ఈ పద్ధతిలో బ్లీచ్ తొమ్మిదో మెట్టు దాకా రాదు.

కొలతలన్నీ లీటరు నీటికి ఇచ్చాను. తోలు నీళ్ళలో ముడతలు పడకుండా, స్వేచ్ఛగా కదిలేంత నీరు ఉండాలి. తడి తోలు కిలో ఉంటే 4 నుంచి 5 లీటర్లు లెక్క పెట్టుకోండి.

మొదలుపెట్టే ముందు

ఎందుకు చచ్చిందో తెలియని జంతువును ముట్టుకోవద్దు. ఉన్నట్టుండి పడిపోయి, ముక్కు నుంచో నోటి నుంచో నెత్తురు కారిన పశువు, మేక, గొర్రె అయితే అసలు కోయవద్దు. ఆంత్రాక్స్ తోళ్ళ ద్వారా మనుషులకు సోకే జబ్బు, ఆ క్రిమి బీజాలు తోలులో ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి. అడవి కుందేళ్ళ నుంచి తులరేమియా అనే బాక్టీరియా జబ్బు సోకవచ్చు. గ్లౌజులు లేకుండా ఏ పచ్చి తోలునూ పట్టుకోకండి, చేతి మీద చిన్న గీత ఉన్నా సరే.

రక్షిత జాతుల సంగతి కూడా ముందే చూసుకోండి. ప్రమాదంలో ఉన్న జంతువుల, మొక్కల సరిహద్దులు దాటే వ్యాపారానికి 1975లో అమల్లోకి వచ్చిన సైటిస్ ఒప్పందం ఉంది, దానికి తోడు ఎవరి దేశపు చట్టం వాళ్ళకు ఉంటుంది. నేర్చుకోవడానికి పెంపుడు జంతువు తోలే మంచిది. చట్టం చిక్కు లేదు, పాడైనా ఇంకొకటి దొరుకుతుంది.

పాత పుస్తకాల్లో ఆర్సెనిక్ (పాషాణం అనే విషం) సబ్బు వంటకాలు కనిపిస్తాయి. వాటి జోలికి పోవద్దు. పాత మ్యూజియం నమూనాలను ఇప్పటికీ గ్లౌజులు లేకుండా తాకనివ్వరు, కారణం అదే.

కావలసినవి

ప్లాస్టిక్ టబ్బులు రెండు మూడు. ఇనుప బకెట్, తుప్పు పట్టిన తీగ, ఇనుప గిన్నె ఏవీ వద్దు. తెల్ల బొచ్చు మీద తుప్పు మరక పడితే తీయడం దాదాపు అసాధ్యం. పటిక, ఆమ్లం అల్యూమినియం గిన్నెను కూడా తింటాయి.

అయోడిన్ లేని మెత్తటి ఉప్పు, పుష్కలంగా. నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. వంటసోడా. చాకలి సోడా. పటిక. బోరాక్స్. రంగు, సువాసన తక్కువగా ఉండే డిష్‌వాష్ లిక్విడ్. 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, అంటే జుట్టు రంగుల దగ్గర 20 వాల్యూమ్ అని అమ్మే సీసా. మెగ్నీషియం కార్బొనేట్ పొడి. మైదా. నీళ్ళలో కలిసే సల్ఫేటెడ్ నీట్స్‌ఫుట్ ఆయిల్, అంటే పశువుల కాళ్ళ ఎముకల నుంచి తీసే నూనె. పీహెచ్ పట్టీలు; ఇవి లేకుండా మొదలుపెట్టొద్దు, కంటితో చూసి ఆమ్లం ఎంతుందో ఎవరూ చెప్పలేరు. గీకడానికి మొద్దు అంచు కత్తి, ముఖం పనికి స్కాల్‌పెల్, పలచన చేయడానికి పదునైన కత్తి, కొలత టేపు.

తోలు ఒలిచే ముందు, ఒలిచాక ఒళ్ళు కొలిచి రాసుకోండి: ముక్కు నుంచి కంటి ముందు మూల, కంటి నుంచి చెవి మొదలు, చెవుల వెనక మెడ చుట్టుకొలత, నడుము చుట్టుకొలత, ముక్కు నుంచి తోక మొదలు. ఈ అయిదు అంకెలు లేకపోతే చివరి మెట్టు దగ్గర ఊహల మీద ఆధారపడాల్సి వస్తుంది.

1. నెత్తురు ముందు

తోలు ఒలిచిన వెంటనే, ఇంకే పనీ పెట్టుకోకుండా, బొచ్చు మీది నెత్తురును చల్లటి ఉప్పునీళ్ళలో తీసేయండి. లీటరుకు 30 గ్రాముల ఉప్పు, 20 నుంచి 30 నిమిషాలు. నీళ్ళు ఎర్రబడితే పారబోసి మళ్ళీ. వేడినీళ్ళు పోస్తే నెత్తురు వెంట్రుకలకు గట్టిగా పట్టేసి గోధుమ మరక అవుతుంది. ఎండిన మచ్చ మీద 3 శాతం పెరాక్సైడ్ దూదితో అద్దితే నురగ వచ్చి వదులుతుంది. మచ్చ మీదే అద్దండి, తోలంతా తడపకండి.

ఎంజైమ్ ఉన్న బట్టల పొడి వాడొచ్చా అని అడుగుతారు. వద్దు. నెత్తురు ప్రోటీన్‌ను కొరికే ఎంజైమ్‌కి తోలు ప్రోటీన్ వేరని తెలియదు.

2. గీకడం, ముఖం పని

కండ, కొవ్వు, మీది పల్చటి పొర అన్నీ పోవాలి. పొర మిగిలితే ఆ చోట ఉప్పు దిగదు, ఆమ్లం దిగదు, పటికా దిగదు. మెడ మీద, తోక మొదట్లో, పొట్ట పక్కల కొవ్వు ఎక్కువగా దాక్కుంటుంది. కుందేలు తోలు పొట్ట దగ్గర కాగితంలా చిరుగుతుంది, అక్కడ కత్తి బదులు వేళ్ళతో పొర లాగండి.

ముఖం దగ్గర తొందరపడొద్దు. చెవులను చివరి దాకా తిరగేయాలి, మృదులాస్థి వెనక వైపు నుంచి విడదీసుకుంటూ. పెదవుల లోపలి పొరను చీల్చి విప్పాలి. కళ్ళ చుట్టూ, ముక్కు చుట్టూ మాంసం తీసేయాలి. తోక ఎముక లాగేశాక తోకను చివరి దాకా చీల్చాలి. చీల్చని తోక లోపల కుళ్ళుతుంది, బొచ్చు ఊడాక గానీ ఆ సంగతి తెలియదు.

3. ఉప్పు

తోలు బరువులో కనీసం సగం ఉప్పు. మాంసం వైపు అంతా రుద్దండి, చెవుల్లోకి, పెదవుల మడతల్లోకి వేళ్ళతో దూర్చండి. ఏటవాలు బల్ల మీద పెట్టి నీరు కారనివ్వండి. 24 గంటల తర్వాత తడి ఉప్పు దులిపేసి కొత్తది వేసి ఇంకో 24 గంటలు. వాడిన ఉప్పు మళ్ళీ వాడకండి, అందులో క్రిములు ఉంటాయి.

ఉప్పు వేసేందుకు వెంటనే కుదరకపోతే, తోలును గాలి చొరబడని సంచిలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. తీసేటప్పుడు ఫ్రిజ్‌లో నెమ్మదిగా కరగనివ్వాలి. బయట పెడితే అంచులు కుళ్ళడం మొదలయ్యేసరికి మధ్యలో ఇంకా గడ్డగానే ఉంటుంది.

ఉప్పు పట్టి గట్టిపడిన తోలు అయితే, చల్లటి ఉప్పునీళ్ళలో నానబెట్టి మెత్తబడగానే తీసేయండి. రాత్రంతా వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. గంటకోసారి చూడండి.

4. కొవ్వు వదిలించడం

అసలు తెల్లదనం ఇక్కడే వస్తుంది. చాలామంది ఒక్కసారి ఉతికి అయిపోయిందనుకుంటారు.

గోరువెచ్చటి నీళ్ళు, చేతికి హాయిగా ఉండాలి, 38 డిగ్రీలు దాటకూడదు. పచ్చి తోలులోని కొల్లాజెన్ 60 డిగ్రీలు దాటితే ముడుచుకుపోతుంది, మళ్ళీ సాగదు. ఆమ్లంలో ఊరిన తోలు ఇంకా తక్కువ వేడికే ముడుచుకుంటుంది. లీటరుకు 5 నుంచి 10 మి.లీ. డిష్‌వాష్ లిక్విడ్ కలిపి, తోలును ముంచి 10 నుంచి 15 నిమిషాలు కదపండి. పిండడం, మెలిపెట్టడం వద్దు. గొర్రె ఉన్ని అయితే అస్సలు రుద్దకండి, ఉన్ని చిక్కుపడి గట్టి ముద్దవుతుంది. నొక్కి వదులుతూ ఉండండి చాలు. గొర్రెకు ఉన్నికొవ్వు ఎక్కువ, అది 40 డిగ్రీల దగ్గర గాని కరగదు, కాబట్టి ఈ ఒక్కదానికి 40 డిగ్రీల నీళ్ళు కొద్ది నిమిషాల పాటు వాడొచ్చు. తర్వాతి నీళ్ళు కూడా అంతే వెచ్చగా ఉండాలి. వేడి నుంచి చల్లటికి హఠాత్తుగా మారిస్తే ఉన్ని ముడుచుకుంటుంది.

నురగ రాకుండా, బూడిద రంగు నీళ్ళు వస్తే సబ్బు కొవ్వుకి ఖర్చయిపోయిందని. పారబోసి మళ్ళీ కొత్త సబ్బునీళ్ళు. నీళ్ళు తెల్లగా, నురగ నిలబడేదాకా. లావు మేకకు మూడు నాలుగు సార్లు పడుతుంది.

పరీక్ష ఇలా: తోలును తువ్వాలుతో అద్ది, మాంసం వైపు తెల్ల టిష్యూ కాగితం నొక్కి పట్టుకోండి. కాగితాన్ని పూర్తిగా ఆరనిచ్చి వెలుగుకి ఎత్తి చూడండి. ఆరాక కూడా అద్దంలా మెరిసే మచ్చ ఉంటే అది కొవ్వు. మెడ మీద, తోక మొదట్లో, పొట్ట అంచున మూడుచోట్లా చూడండి. బొచ్చు వేర్ల దగ్గర వేలు పెట్టి రుద్దితే జిడ్డు తగలకూడదు.

సబ్బు మిగిలితే దానంతట అదే పసుపు తెస్తుంది. జారుడు పోయేదాకా కడగండి.

5. పుల్లనీళ్ళలో ఊరబెట్టడం

లీటరు నీటికి 120 గ్రాముల ఉప్పు, 22 గ్రాముల నిమ్మ ఉప్పు. ముందు ఉప్పు పూర్తిగా కరిగించి, తర్వాత ఆమ్లం, ఆ తర్వాతే తోలు. ఉప్పు తక్కువైతే ఆమ్లం తోలును ఉబ్బించేస్తుంది: అంచులు గాజులా పారదర్శకంగా, రబ్బరులా మందంగా అవుతాయి. అలా కనిపిస్తే వెంటనే తీసి ఉప్పు పెంచండి.

పీహెచ్ 2 నుంచి 2.5 మధ్య ఉండాలి (అంకె ఎంత తక్కువైతే ఆమ్లం అంత ఎక్కువ). మొదటి రోజు రెండుసార్లు, తర్వాత రోజుకోసారి చూడండి. తోలు ఆమ్లాన్ని పీల్చుకుంటూ ఉంటుంది కాబట్టి అంకె పైకి జరుగుతుంది. 2.5 దాటితే కాస్త నిమ్మ ఉప్పు వేయండి. కుందేలు తోలుకు కనీసం 3 రోజులు, మేకకు, గొర్రెకు 5 నుంచి 7 రోజులు. రోజుకు రెండుసార్లు తోలును తిరగేయండి. ముఖం, చెవులు మునిగాయో లేదో చూడండి, గాలి బుడగతో చెవులే పైకి తేలతాయి.

అయిందో లేదో తెలియాలంటే మెడ వెనక అంచు నుంచి అగ్గిపుల్ల వెడల్పు ముక్క కోసి, కోతను చూడండి. లోపలి నుంచి బయటి దాకా ఒకే తెలుపు కనిపించాలి. మధ్యలో గాజులాంటి, గులాబీ రంగు గీత ఉంటే ఇంకా అవలేదు. అలాగే తోలును మడతపెట్టి గట్టిగా నొక్కితే తెల్ల గీత కొంతసేపు నిలవాలి.

ఈ దశలో మీరు ఓపికతో ఉంటే తోలు క్షేమం. సరైన పీహెచ్‌లో ఒకటి రెండు వారాలు ఉన్నా ఫర్వాలేదు. తొందరపడి తీస్తే మాత్రం తర్వాత ఏమీ చేయలేం.

6. పలచన చేయడం

మాంసం వైపు మందంగా ఉన్నచోట్ల, ముఖ్యంగా మెడ, భుజాలు, ముఖం, పదునైన కత్తితో చెక్కి పలచన చేయండి. బొచ్చు వేర్ల నల్లని చుక్కలు కనిపిస్తే ఆగండి. తెల్ల బొచ్చు అయితే చుక్కలు కనిపించవు, వేలితో మందం తడుముకుంటూ పోవాలి. మందంగా వదిలిన ముఖం ఆరేటప్పుడు ముడుచుకుని కంటి మూలలను లాగేస్తుంది. పలచనయ్యాక లోపల కొవ్వు గీతలు కొత్తగా తేలతాయి. మళ్ళీ ఒక సబ్బునీళ్ళు, ఒక రాత్రి మళ్ళీ పుల్లనీళ్ళు.

ఈ సబ్బునీళ్ళు చల్లగా ఉండాలి. వాటిలో ఉప్పు తప్పనిసరి.

7. ఆమ్లం తగ్గించడం

పుల్లనీళ్ళలోంచి తీసి నీరు కారనిచ్చి, లీటరుకు 7 గ్రాముల వంటసోడా, 30 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్ళలో 15 నుంచి 20 నిమిషాలు కదపండి. గడియారం పెట్టుకోండి. ఎక్కువసేపు వదిలేస్తే బొచ్చు పట్టు సడలుతుంది. తర్వాత కడిగి, కోత మీద పీహెచ్ పట్టీ ఒత్తి చూడండి: 4 నుంచి 5 మధ్య ఉండాలి.

ఆమ్లం అసలే వదలకపోతే తర్వాత ఏళ్ళ మీద తోలు పెళుసెక్కి చిట్లుతుంది. వాడిన ఆమ్లపు నీళ్ళలో వంటసోడా కలిపి బుసబుసలు ఆగాకే పారబోయండి. ఉప్పునీళ్ళు మొక్కల మొదట్లో పోయకండి.

8. పటిక

తెల్ల తోలుకి పటిక పదునే ఎందుకంటే అది తోలును తెల్లగానే ఉంచుతుంది. చెట్టు బెరడు టానింగ్ (తోలు కుళ్ళకుండా పదును పెట్టడం) గోధుమ రంగు తెస్తుంది, ఆ రసం బొచ్చులోకి ఎక్కితే పోదు. క్రోమ్ టానింగ్ నీలి ఆకుపచ్చ రంగు. రెడీగా దొరికే అల్యూమినియం ఆధారిత టాన్ పొడులు ఇంకా నమ్మకమైనవి; దొరికితే డబ్బా మీది కొలతలే పాటించండి, కింది వంటకంతో కలపకండి.

ఒక పాత్రలో లీటరు గోరువెచ్చటి నీళ్ళలో 120 గ్రాముల పటిక కరిగించండి. చల్లటి నీళ్ళలో అంత పటిక కరగదు, అడుగున మిగిలిపోతుంది. ఇంకో పాత్రలో అర లీటరు నీళ్ళలో 30 గ్రాముల చాకలి సోడా పలుకులు, 60 గ్రాముల ఉప్పు. మీ దగ్గర పలుకులు కాక నీరు లేని తెల్లటి పొడి సోడా ఉంటే 11 గ్రాములే వేయండి. రెండోదాన్ని మొదటిదాంట్లో చాలా నెమ్మదిగా, కలుపుతూ పోయాలి. బుస్సుమని పొంగుతుంది, కొంచెం పాలలా మారుతుంది. గబుక్కున పోస్తే తెల్లని గడ్డలు కట్టి పటిక వృథా అవుతుంది.

చల్లారాక మైదా కలిపి గోడకు పూసే పుట్టీలా చిక్కటి పేస్టు చేయండి. మాంసం వైపు 3 మిల్లీమీటర్ల మందం పూసి, పైన కాగితం కప్పి 24 గంటలు ఉంచండి. గీకేసి కొత్తది పూయండి. కుందేలుకు రెండు పూతలు, మేకకు, గొర్రెకు మూడు. చివరి పూత మూడు రోజులు ఉండనివ్వండి. బొచ్చులో పడ్డ పేస్టు ఎండకముందే దువ్వేయండి.

కోసిన ముక్కను ఉడకబెట్టి చూడమని ఎవరో ఒకరు చెబుతారు. అది క్రోమ్ తోలు పరీక్ష. పటిక తోలు ఉడికిస్తే ముడుచుకుంటుంది, దాన్ని చూసి టెన్షన్ పడి మళ్ళీ మొదటినుంచీ చేసినవాళ్ళున్నారు. పటికకు కోత చూడడమే సరైన పరీక్ష. లోపలంతా ఒకే మందపాటి తెలుపు ఉండాలి.

ఒక సంగతి గుర్తుంచుకోండి: పటిక నీళ్ళలో మళ్ళీ కరిగిపోతుంది. ఇక్కడి నుంచి తోలును ఎక్కడా గంటల తరబడి నానబెట్టొద్దు.

9. తెల్లబరచడం

ముందు బొచ్చు ఒక చోట పూర్తిగా ఆరబెట్టి చూడండి. తడి బొచ్చు ఎప్పుడూ పసుపుగానో, బూడిదగానో కనిపిస్తుంది; తడిగా ఉండగా నిర్ణయించుకున్న చాలా బ్లీచ్‌లు అనవసరమైనవే. ఆరిన బొచ్చును విడదీసి, వేరు దగ్గర తెల్ల కాగితం పక్కన పెట్టి, నేరుగా ఎండపడని పగటి వెలుతురులో చూడండి. జంతువు తెలుపు కాగితం తెలుపు కాదు. మీగడ ఛాయ ఉంటే అది సహజం, దాన్ని వదిలేయండి. మూత్రం మరక, కొవ్వు పసుపు, పాత నెత్తురు మచ్చ, వీటికే కిందిది.

మొదట హెచ్చరిక. బట్టలకు వాడే క్లోరిన్ బ్లీచ్ వద్దు. అది ఉన్నిని, వెంట్రుకను కరిగిస్తుంది, మిగిలినదాన్ని ఇంకా పసుపు చేస్తుంది. ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు, అమ్మోనియా తగిలితే క్లోరమిన్ వాయువు వస్తాయి. ఈ రెండూ ప్రాణాంతకం, పుల్లనీళ్ళున్న గదిలో ఆ సీసా ఉండనే కూడదు.

6 శాతం పెరాక్సైడ్‌లో మెగ్నీషియం కార్బొనేట్ పొడి వేసి, కారని పేస్టు చేయండి. అమ్మోనియా చుక్కలు వేయమని చాలాచోట్ల రాస్తారు, త్వరగా పనిచేస్తుంది నిజమే, కానీ వెంట్రుక పెళుసెక్కే ప్రమాదమూ పెరుగుతుంది. మొదటిసారి అది లేకుండానే చేయండి. గ్లౌజులు, కళ్ళద్దాలు, తెరిచిన కిటికీ. మిగిలిన పేస్టును మూత బిగించి దాచకండి, వాయువు చేరి డబ్బా పగులుతుంది.

కాళ్ళ చివరో, పొట్ట అంచునో పనికిరాని ముక్క మీద ముందు పరీక్షించండి. తర్వాత మచ్చల మీద బ్రష్‌తో బొచ్చు పైనుంచి వేర్ల వైపు పూయండి, తోలుకి అంటకుండా. పక్కన నల్ల, గోధుమ బొచ్చు ఉంటే దానికి వాజెలిన్ రాయండి. లేకపోతే నలుపు నారింజ రంగుకు మారుతుంది. ముక్కు, కనురెప్పల అంచులు, చెవి కొనలు వదిలేయండి. పైన ప్లాస్టిక్ షీట్ కప్పితే ఎండిపోదు.

10 నిమిషాలకోసారి కొంచెం తుడిచి చూడండి. 20 నుంచి 30 నిమిషాలు సరిపోవాలి, గంట దాటొద్దు. ఒక వెంట్రుకను తడిగా లాగి చూడండి. కొద్దిగా సాగి వెనక్కి రావాలి. జిగురులా సాగి తిరిగి రాకపోతే, చిటుక్కున తెగితే వెంటనే ఆపేయండి, అది ఇంకా తెల్లబడినా పనికిరాదు. రెండోసారి అవసరమనిపిస్తే రోజు గడవనిచ్చి చేయండి.

పేస్టు కడగడానికి లీటరుకు 7 గ్రాముల బోరాక్స్ కలిపిన చల్లటి నీళ్ళు వాడండి. అవే నీళ్ళతో మాంసం వైపు మిగిలిన పటిక పేస్టు కూడా తీసేయండి. మొత్తం 10 నిమిషాలలోపు ముగించి, మంచినీళ్ళతో ఒకసారి, తువ్వాలులో చుట్టి నొక్కేయండి.

ఇంకా లేత పసుపు మిగిలితే చాకలి నీలిమందు ఉంది. 5 లీటర్ల నీటికి రెండు మూడు చుక్కలు, నీళ్ళు నీలం అయ్యీ అవనట్టు ఉండాలి. ముందు తెల్ల గుడ్డ ముంచి చూసి, స్పాంజితో బొచ్చుకే రాయండి. ఆప్టికల్ బ్రైటనర్ (బట్టలు మెరిసేలా చేసే రసాయనం) ఉన్న డిటర్జెంట్లు మాత్రం వద్దు. అతినీలలోహిత వెలుగు పడగానే జంతువు నీలంగా మెరిసి నకిలీలా కనిపిస్తుంది.

10. నూనె

నీట్స్‌ఫుట్ ఆయిల్ ఒక వంతు, 45 డిగ్రీల వేడినీళ్ళు రెండు వంతులు, కలిపి మాంసం వైపు మాత్రమే బ్రష్‌తో పూయండి. చేప నూనెలు వద్దు, అవి గాలికి పసుపెక్కుతాయి. మాంసం వైపులు కలిసేలా మడిచి 6 నుంచి 8 గంటలు ఉంచండి. మౌంటింగ్ తోలుకి నూనె కొంచెమే కావాలి. ఎక్కువైతే ఫారం (తోలు తొడిగే జంతువు ఆకారపు అచ్చు) మీద జిగురు పట్టదు, బొచ్చు వేర్లలోకి ఎక్కి పసుపు మళ్ళీ మొదలు. నూనె బొచ్చుకి తగిలితే అప్పుడే సబ్బు చుక్కతో తుడిచేయండి.

11. బొచ్చు ఆరబెట్టడం

మొక్కజొన్న పిండి గానీ, మెగ్నీషియం కార్బొనేట్ పొడి గానీ బొచ్చులో చల్లి, చేత్తో వేర్ల దాకా కలిపి, చల్లటి గాలి ఊదే డ్రయ్యర్‌తో ఎదురు దిశలో ఊదండి. పొడి తేమను, మిగిలిన జిడ్డును లాగేస్తుంది. రంపపు పొట్టు వద్దు, తడిగా ఉండగా చెక్కలోని రంగు తెల్ల బొచ్చుకి దిగుతుంది. ఎండలో కూడా ఆరేయొద్దు. మాంసం వైపు లాగుతున్నప్పుడు తెల్లబడుతున్నదంటే మెత్తబరచాల్సిన సమయం అదే. ఆరిపోకముందే అన్ని దిక్కులా లాగి సడలించండి. ముఖం, చెవులు తడిగానే ఉంచి ప్లాస్టిక్ చుట్టండి.

12. ఫారం మీద సరిచూడడం

మౌంటింగ్ ఆ రోజే చేయకపోతే తోలును మడిచి సంచిలో ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచవచ్చు, ఎక్కువ రోజులైతే ఫ్రీజర్. పూర్తిగా ఎండిపోయినదాన్ని తడపాలంటే లీటరుకు 30 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్ళలో స్పాంజి ముంచి మాంసం వైపు తుడవండి, మడిచి సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో రాత్రంతా వదిలేయండి. తేమ అంతటా సమంగా పాకుతుంది. టబ్బులో ముంచితే పటిక పోతుంది.

ఇప్పుడు మొదట రాసుకున్న అయిదు కొలతలు తీయండి. తోలు ఫారం మీద జిగురు లేకుండా వేసి, కళ్ళు, చెవుల మొదళ్ళు, నోరు సరిగా కూర్చుంటున్నాయా చూడండి. ఎక్కడైనా చాలకపోతే తోలును బలవంతంగా లాగొద్దు, ఫారాన్ని రాసి తగ్గించండి. బలవంతంగా లాగిన తోలు ఆరేటప్పుడు కుట్టు దగ్గర తెరుచుకుంటుంది. కుట్టాక కళ్ళ చుట్టూ, పెదవుల మీద, చెవుల మీద అట్టముక్కలు, సూదులు పెట్టి, మొదటి వారం రోజూ చూస్తూ సరిచేయండి.

ఎక్కువగా ఎదురయ్యేవి

*బొచ్చు ఊడుతోంది.* పొట్ట దగ్గర, చెవుల దగ్గర చిన్న పాయ పట్టి లాగండి. పై పొర చర్మంతో సహా వస్తే కుళ్ళు మొదలైంది. పుల్లనీళ్ళకు ముందే కనిపిస్తే వెంటనే ఆ నీళ్ళలోకి దించండి, అక్కడితో ఆగవచ్చు. ఊడినది తిరిగి రాదు.

*తోలు బిరుసుగా అట్టలా ఆరింది.* గీకడం తక్కువైంది, లేదా నూనె దిగలేదు. పైన చెప్పినట్టు ఉప్పునీటి స్పాంజితో మెత్తబరచి, పొర మిగిలిందేమో చూసి, పలచన చేసి, మళ్ళీ నూనె.

*మౌంట్ అయ్యాక మళ్ళీ పసుపు.* కొవ్వే. తడపకండి. 6 శాతం పెరాక్సైడ్‌తో మెగ్నీషియం కార్బొనేట్‌ను చాలా గట్టి పేస్టు చేసి ఆ చోట మాత్రమే పూసి, పూర్తిగా ఎండనిచ్చి, మెత్తటి బ్రష్‌తో దులిపేయండి. కుట్టుకి, గాజు కళ్ళ చుట్టూ రంగుకి తగలకుండా ముందుగా టేపు వేసుకోండి. పొడి బొచ్చులో మిగిలితే వాక్యూమ్ క్లీనర్ నోటికి పల్చటి గుడ్డ కట్టి, బొచ్చు పోకడ వైపే లాగండి.